నాలుగు తీగల మంద్రనాదం

కాలేజీలో చదివే అమ్మాయి ఒకనాటి సాయంత్రం వచ్చి, "నాన్నా, నేను గిటారు నేర్చుకుంటాను" అన్నదనుకోండి. తండ్రి కళ్లజోడు సవరించుకుని, "పరీక్షలు కానీ, చూద్దాం" అంటాడు. తల్లి, "వీణ నేర్చుకోవే అంటే విన్నావు కాదు" అని నిష్ఠూరమాడుతుంది. ఇంతవరకూ మామూలే. కాని ఆ అమ్మాయి, "మామూలు గిటారు కాదు నాన్నా, బాస్ గిటారు" అన్నదంటే మాత్రం ఇంట్లో ఎవరికీ ఏమనాలో తోచదు. ఔననటానికైనా, కాదనటానికైనా ముందు అదేమిటో తెలియాలి గదా!

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి ఊళ్లలో ఇప్పుడు ఇటువంటి ప్రశ్న రావటం వింతేమీ కాదు. బెంగుళూరు మాకు కూతవేటు దూరంలో ఉన్నట్టే లెక్క. కుప్పంలో రైలెక్కిన కుర్రవాడు పూట గడవకముందే అక్కడి వాద్యాల దుకాణాల ముందు నిలబడగలడు. ఈ నాలుగు మాటలూ అటువంటి పిల్లల కోసమూ, వాళ్ల తల్లిదండ్రుల కోసమూ, నలభై దాటినా కొత్తగా ఏదో ఒకటి నేర్చుకోవాలన్న ఆశ చావని నాబోటివాళ్ల కోసమూ.

చెవికి అందీ అందని నాదం

ముందుగా ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఇళయరాజా స్వరపరచిన "సాగరసంగమం" పాటో, "గీతాంజలి" పాటో సెల్‌ఫోనులో పెట్టి, ఫోనును బల్లమీద వుంచి వినండి. తరువాత అదే పాటను మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. రెండోసారి పాట అడుగున ఇంకెవరో నడుస్తున్నట్టు వినిపిస్తుంది. గాయకుడి గొంతు కింద, వయొలిన్ల కింద, లోతుగా, గుండ్రంగా ఒక నాదం అడుగులు వేస్తూ పోతుంది. అదే బాస్ గిటారు. మద్రాసు స్టూడియోలలో ఇళయరాజా పాటలకు దానిని వాయించిన వారిలో శశిధరన్ పేరు సంగీతప్రియులకు బాగా తెలుసు. రెహమాన్ పాటలకు వాయించిన కీత్ పీటర్స్ 2016లో కన్నుమూశారు. పాటలు మనందరికీ కంఠస్థమే. కాని ఈ వాద్యకారుల పేర్లు అడిగితే నూటికి తొంభైమంది నోరు వెళ్లబెడతారు.

ఫోనులో అది ఎందుకు వినబడదంటారా? నాదమంటే కంపనమే గదా. బాస్ గిటారులో అన్నిటికంటే లావు తీగ క్షణానికి 41 సార్లు కంపిస్తుంది. రెండోది 55, మూడోది 73, సన్నపాటిది 98. రూపాయి బిళ్లంత కూడా లేని ఫోను స్పీకరుకు ఇంత మెల్లని కంపనాలను గాలిలోకి నెట్టే శక్తి లేదు. దాని ఛాయ మాత్రమే మన చెవికి చేరుతుంది. ఫోనులో తప్ప మరోచోట పాట వినని పిల్లలు ఒక విధంగా సగం పాటే వింటున్నారన్నమాట.

మనవాళ్లకు ఈ లోతు తెలియనిది కాదు. మంద్రం, మధ్యమం, తారం అని స్థాయిలను మూడుగా విభజించి, మంద్రానికి మొదటి పీట వేశారు. మృదంగంలో కుడివైపు అంత ముచ్చటగా పలుకుతూ వుంటే, ఎడమవైపు తొప్పికి తడిపిన రవ్వముద్ద అంటించి మరీ దాని నాదాన్ని లోతు చేస్తారు. పెళ్లిలో సన్నాయి విన్నవాళ్లందరూ సన్నాయినే మెచ్చుకుంటారు. పక్కన బుగ్గలు పూరించి ఒకే స్వరం పట్టుకు కూర్చున్న శ్రుతి మనిషిని ఎవరూ పట్టించుకోరు. అతడు ఒక్క నిమిషం ఆపితే మాత్రం అందరూ తలలు తిప్పి చూస్తారు! బాస్ గిటారు పని కూడా అటువంటిదే. అయితే అది ఒకేచోట కూర్చోదు, పాటతో పాటు నడుస్తుంది.

మోయలేని వాద్యం నుంచి పుట్టింది

పాశ్చాత్య సంగీతంలో ఈ పని పూర్వం డబుల్ బాస్ చేసేది. అది వయొలిన్‌కు పెద్దన్న. మనిషికంటే ఎత్తు. నిలబెట్టి వాయించాలి. బండిలో పట్టదు, మెట్లు ఎక్కదు. పైగా బాకాలూ, డ్రమ్ములూ మోగే బృందంలో దాని గొంతు ఎవరికీ వినపడదు. ఆ వాద్యకారుల కష్టాలు చూసి 1930లలోనే సియాటిల్ నగరానికి చెందిన పాల్ టట్‌మార్క్ గిటారులాగా అడ్డంగా పట్టుకుని వాయించే విద్యుత్ బాస్ తయారుచేశాడు. అది అప్పట్లో ప్రాచుర్యానికి రాలేదు. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అనే ఆయన "ప్రెసిషన్ బాస్" అనే వాద్యాన్ని మార్కెట్లోకి తెచ్చాడు. డబుల్ బాస్‌కు మెట్లు లేవు. వేలు వెంట్రుకవాసి జరిగినా స్వరం అపస్వరమవుతుంది. ఫెండర్ తన వాద్యానికి వీణకున్నట్టు మెట్లు బిగించాడు. మెట్టు వెనుక వేలు నొక్కితే స్వరం ఖచ్చితంగా పలుకుతుంది. ఆ ఖచ్చితత్వాన్నే పేరుగా పెట్టాడు.

తరువాతి కథలో రెండు ఘట్టాలు మన తల్లిదండ్రులు వినదగినవి. బీటిల్స్ బృందం జర్మనీలోని హాంబర్గులో వుండగా, 1961లో, వారి బాస్ వాద్యకారుడు స్టువర్ట్ సట్‌క్లిఫ్ చిత్రకళ నేర్చుకోవటానికి బృందాన్ని విడిచిపెట్టాడు. ఆ స్థానానికి ఎవరూ ఎగబడలేదు. వెనక నిలబడి వాయించే పని ఎవరికి కావాలి? చివరకు పాల్ మెకార్ట్‌నీ నెత్తిన పడింది. వయొలిన్ ఆకారంలో వున్న చిన్న బాస్ కొని, ఎడమచేతివాటం మనిషి గనుక తిరగేసి పట్టుకున్నాడు. ఆ తరువాత జరిగింది లోకానికంతటికీ తెలుసు. రెండోది, 1963లో లాస్ ఏంజెలెస్‌లో ఒక రికార్డింగుకు బాస్ వాయించవలసిన మనిషి రాలేదు. గిటారు వాయించటానికి వచ్చిన కారోల్ కే అనే ఆమె ఆ వాద్యం అందుకున్నది. తరువాత ఆమె అమెరికా స్టూడియోలలో ఎన్నో పాటలకు బాస్ వాయించి పేరు తెచ్చుకున్నది. "ఆడపిల్లకు ఇదేం వాద్యం?" అనేవారికి ఇది ఒక సమాధానం. అంత దూరం పోనక్కరలేదనుకుంటే, 1996లో బొంబాయిలో పుట్టిన మోహినీ డే వున్నది. బాస్ వాద్యకారుడైన తండ్రి దగ్గరే చిన్ననాట నేర్చుకుని, నేడు ప్రపంచమంతా తిరిగి వాయిస్తున్నది.

మదనపల్లె చూసిన సంగమం

"అంతా బాగానే వుంది గాని, ఈ విదేశీ వాద్యం మన ఊళ్లకెందుకు?" అనే ప్రశ్న మిగిలింది. దీనికి జవాబు మా మదనపల్లె చరిత్రలోనే వుంది.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు ఇక్కడి దివ్యజ్ఞాన కళాశాలకు విచ్చేసి కొద్దిరోజులు వున్నారు. అప్పటి ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ ఐర్లండు దేశపు కవి. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ డబ్లిన్ నగరంలో పియానో అభ్యసించి, 1902లో సంగీతంలో పట్టభద్రురాలైన విదుషి. ఠాగూరు అక్కడి విద్యార్థుల మధ్య "జనగణమన" పాడి వినిపించారు. ఫిబ్రవరి 28వ తేదీన దానిని స్వహస్తంతో ఆంగ్లంలోకి అనువదించి ఇచ్చారు. మార్గరెట్ ఆ పాట బాణీని పాశ్చాత్య స్వరలిపిలో రాశారు. 1911లో కలకత్తా కాంగ్రెసు సభలో మొదటిసారి వినిపించి, 1950లో జాతీయగీతంగా స్వీకరింపబడిన పాటకు మా ఊళ్లో ఈ ముచ్చట జరిగింది. బెంగాలీ పాట, ఐర్లండు వనిత చేతిలో అయిదు గీతల లిపి, రాయలసీమ నేల! ఎవరి సంగీతం ఎవరిదని పంచిపెట్టగలం?

ఆ మాటకొస్తే కర్ణాటక సంగీత కచేరీలో పక్కన కూర్చునే వయొలిన్ మాత్రం ఎక్కడిది? బాలుస్వామి దీక్షితులు నేర్చి మనకు అలవాటు చేశారు. నేడు అది లేని కచేరీ వెలితిగా వుంటుంది. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ చేతిలో మాండలిన్ మన రాగాలను పలికింది. వాద్యానికి కులగోత్రాలు వుండవు. ఎవరి చేతిలో పలికితే వారిదే.

తంబురాను తెలిసినవాళ్లకు సులభం

మా అమ్మాయి అడిగినప్పుడు నేను వెంటనే ఔననలేదు, కాదననూ లేదు. "ముందు నేను వెళ్లి చూసి వస్తాను" అన్నాను. పాతికేళ్లుగా పద్యాలు చెప్పుకు బతుకుతున్న తెలుగు పంతులుకు తెలియని విషయం మీద తీర్పు చెప్పటం తగదనిపించింది. కుప్పంలో నా పూర్వవిద్యార్థి ఒకడున్నాడు. పగలు సెల్‌ఫోన్ల దుకాణంలో పని, సాయంత్రాలు జాతరలలో, పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకు బాస్ వాయిస్తాడు. ఒక ఆదివారం పుంగనూరు, పలమనేరు మీదుగా బస్సెక్కి వాడి ఇంటికి వెళ్లాను. ఆ ఒక్క ఆదివారం ఇప్పటికి ఎన్నో ఆదివారాలయింది.

వాడు వాద్యం నా ఒళ్లో పెట్టి, "సార్, మీకు తంబురా తెలుసు గదా, నాలుగు తీగలు. దీనికీ నాలుగే" అన్నాడు. తంబురా తీగలు పంచమం, రెండు షడ్జాలు, మంద్ర షడ్జం పలుకుతాయి. బాస్ గిటారు తీగలు లావు నుంచి సన్నానికి ఇ, ఎ, డి, జి అనే స్వరాలకు బిగిస్తారు. ఒక్కొక్క తీగా తన పైనున్న లావు తీగకు శుద్ధ మధ్యమం. దీనినే తిరగేసి చెప్పుకుంటే, ఏ తీగను షడ్జమనుకున్నా దాని పక్కనున్న లావు తీగ మంద్ర పంచమం పలుకుతుంది. అంటే సా-పా జంట ఎప్పుడూ ఒకే మెట్టు మీద, పక్కపక్క తీగలలో సిద్ధంగా వుంటుంది. పై షడ్జం కావాలంటే రెండు తీగలు దాటి, రెండు మెట్లు ముందుకు వెళితే చాలు. ఈ రెండు సూత్రాలు తెలిస్తే సగం పాటలకు తోడు నడవవచ్చునన్నాడు మా వాడు.

పెద్ద బాలశిక్షలాగా దీనికీ ఒక మొదటి పాఠం కావాలి గదా. పాశ్చాత్యులు మేజర్ స్కేలుతో మొదలుపెడతారు. మనకది శంకరాభరణం. రెండో తీగ మూడో మెట్టు షడ్జం, అయిదో మెట్టు రిషభం. మూడో తీగ రెండు, మూడు, అయిదు మెట్లు గాంధార, మధ్యమ, పంచమాలు. నాలుగో తీగ రెండు, నాలుగు, అయిదు మెట్లు దైవత, నిషాదాలు, పై షడ్జం. ఇందులో రిషభాన్నీ, దైవతాన్నీ ఒక్కొక్క మెట్టు వెనక్కు జరిపితే, అంటే రిషభాన్ని నాలుగో మెట్టుకూ, దైవతాన్ని ఒకటో మెట్టుకూ తెస్తే, మాయామాళవగౌళ! సంగీతం నేర్చే ప్రతి పాపా సరళీస్వరాలు దిద్దే రాగమే. ఇంట్లో అమ్మకు సరళీస్వరాలు వస్తే ఆమె పాడుతూ వుండగా పిల్ల వాయించవచ్చు. ఇంతకంటే చవకైన గురువు ఎక్కడ దొరుకుతాడు?

కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు ఒకదాని తరువాత ఒకటి నడకలాగా తీగను మీటాలి. ఎడమచేతి వేలు మెట్టు మీద కాదు, మెట్టుకు కాస్త వెనుకగా ఆనించాలి. అక్కడ నొక్కితే తక్కువ బలంతోనే స్వరం శుభ్రంగా పలుకుతుంది. అసలు కిటుకు మరొకటుంది. వాయించని తీగలను చేతితో ఆనించి మౌనంగా వుంచాలి. లావు తీగలు గదా, ఒకటి మోగితే పక్కది కూడా గునుస్తుంది. "సార్, వాయించేది సగం, ఆపేది సగం" అంటాడు మా వాడు.

గణం తప్పిన పద్యం

నాకు స్వరాలు రెండు వారాలలో వచ్చాయి. కాలం రాలేదు. వేలు స్వరం మీదికి వెళుతుంది గాని సమయానికి వెళ్లదు.

"ఏం చేయమంటావప్పా?" అన్నాను.

"మీరే గదా సార్ క్లాసులో చెప్పేవాళ్లు, గణం తప్పితే పద్యం కుంటుతుందని. ఇది కూడా అంతే సార్. స్వరం తప్పినా జనం క్షమిస్తారు. కాలం తప్పితే డ్రమ్ములవాడు కొట్టేస్తాడు" అని నవ్వాడు.

నా పాఠం నాకే వప్పజెప్పాడు! ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర యతి ఎట్లా పడి తీరాలో, పాటలో ప్రతి ఆవృత్తం మొదటి దెబ్బ మీద బాస్ స్వరం అట్లా పడి తీరాలి. మధ్యలో ఎన్ని సొగసులు పోయినా ఫరవాలేదు. తాళం వేసుకుంటూ, నిమిషానికి అరవై దెబ్బల చొప్పున, ఒక్క స్వరాన్నే అయిదు నిమిషాలు వాయించమన్నాడు. వినటానికి ఇది శిక్షలాగా వుంటుంది. పదోనాటికి అందులో ధ్యానం వంటి సుఖం దొరికింది.

తరువాత తెలిసిన సంగతి మరీ విచిత్రం. స, గ, ప కలిపి మోగిస్తే అది ఒక స్వరసముదాయం. గిటారో, కీబోర్డో ఆ మూడూ పలుకుతూ వుండగా బాస్ అడుగున షడ్జం పలికితే ఇల్లు చేరినట్టు నిలకడగా వుంటుంది. పైన ఏమీ మార్చకుండా అడుగున గాంధారం పలికితే, ఎవరో గడపలో నిలబడి లోపలికి రావాలా వద్దా అని తటపటాయిస్తున్నట్టుంటుంది. పాడేవారు అదే పాడుతున్నారు, భావం మారిపోయింది! మార్చిన మనిషి వెనక వరుసలో వున్నాడు.

ఖర్చు, కాలం, ఇరుగుపొరుగు

ఇక సంసారపక్షపు మాటలు. దీనికి వాద్యంతోపాటు శబ్దం పెంచే పెట్టె కూడా కావాలనేది నిజమే. కాని ఇంట్లో సాధనకు హెడ్‌ఫోన్లు తగిలించుకునే చిన్న సాధనం చాలు. ఘనమైన కర్రతో చేసిన వాద్యం గనుక తీగ మీటితే గదిలోనే వినబడీ వినబడనట్టు వుంటుంది. పక్కింటివారితో పేచీ రాదు. ఈ విషయంలో డోలుకంటే, వయొలిన్‌కంటే కూడా ఇది నిరపాయకరమైన వాద్యం. శ్రుతి చూడటానికీ, తాళం కొట్టటానికీ ఫోనే పనికివస్తుంది.

మామూలు బాస్ గిటారుకు తీగ పొడవు 34 అంగుళాలు. బరువు సుమారు నాలుగు కిలోలు. చిన్న చేతుల పిల్లలకు 30 అంగుళాలవి దొరుకుతాయి. భుజపు పట్టీ వెడల్పుగా వుండాలి. మొదటి నెలలో వేళ్లకొసలు మండుతాయి, తరువాత కాయకాస్తాయి. మణికట్టు నొప్పెడితే మాత్రం పట్టుదలకు పోకుండా ఆపి, చేయి పెట్టే తీరు గురువుకు చూపించుకోవాలి. రోజుకు ఇరవై నిమిషాలు వాయించేవాడు, ఆదివారం నాడు మూడు గంటలు వాయించేవాడికంటే ముందుంటాడు.

మా వాడు మరొక జాగ్రత్త చెప్పాడు. "కొత్తలో కొనద్దు సార్. మూడు నెలలు అడిగి తెచ్చుకుని వాయించండి. మూడో నెల దాటినోళ్లే నిలబడతారు." మొదటి నెల ఉత్సాహం, రెండో నెల వేళ్ల నొప్పి, మూడో నెల విసుగు. ఇంత వాయించినా వినేవాళ్లకు పాట గుర్తుపట్టరాదు గదా! గిటారు నేర్చినవాడు నెల తిరగకుండా నలుగురిలో కూర్చుని పాట వాయించి చప్పట్లు కొట్టించుకుంటాడు. బాస్ నేర్చినవాడికి ఆ భాగ్యం లేదు. పక్కన పాడేవాళ్లు, వాయించేవాళ్లు వుంటేగాని వాడి విద్యకు అర్థం లేదు. చాలా వాద్యాలు అటకెక్కేది ఇక్కడే. అందుకే ఈ విద్యకు డబ్బుకంటే ముందు తోడు కావాలి. అన్న కీబోర్డు, స్నేహితురాలి పాట, చర్చిలోనో, భజనలోనో, కాలేజీ వార్షికోత్సవంలోనో నలుగురి బృందం, ఏదో ఒకటి.

పేరు లేని పని

డెట్రాయిట్ నగరంలోని మోటౌన్ కంపెనీ పాటలకు జేమ్స్ జేమర్సన్ అనే ఆయన బాస్ వాయించేవాడు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. 1960లలో ప్రపంచమంతా ఆ పాటలకు చిందులు వేసింది. రికార్డుల అట్టలమీద మాత్రం ఆయన పేరు వుండేది కాదు. 1971లో మార్విన్ గే పాటల రికార్డు మీద మొదటిసారి ప్రముఖంగా అచ్చయింది. 1983లో, నలభై యేడేళ్లకే ఆయన పోయాడు. నేడు బాస్ నేర్చే ప్రతివారూ ఆయన స్వరాలే దిద్దుకుంటున్నారు. ఇందులో అన్యాయం వున్నది, కాదనను. పిల్లను ఈ దారిన పంపే ముందు తండ్రి ఆలోచించవలసిందే. పేరూ, డబ్బూ వస్తాయని ఆశపెట్టి ఈ వాద్యాన్ని చేతికివ్వటం మోసమే అవుతుంది.

కాని నేను క్లాసులో ఏటా చూసే విషయం మరొకటి వుంది. ఇప్పటి పిల్లలందరినీ మనం ముందువరుసకే తయారుచేస్తున్నాం. ర్యాంకైనా, రంగస్థలమైనా, అందరూ మొదటివాళ్లే కావాలి. పక్కవాడు పాడుతుంటే విని, వాడి ఊపిరి కనిపెట్టి, వాడు తడబడినప్పుడు నిలబెట్టటం అనే విద్య ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. బాస్ గిటారులో మొదటి పాఠం నుంచి చివరి పాఠం దాకా వున్నది అదే. దీన్ని నేర్చినవారు గొప్ప వాద్యకారులు కాకపోయినా, మంచి శ్రోతలు కాక తప్పదు. ఎదుటివారి మాట వినే మనిషి ఏ ఇంటికైనా, ఏ ఆఫీసుకైనా లోటు తీర్చేవాడే.

మా ఇంట్లో తీర్పు అయింది. మూడు నెలల షరతు మీద అమ్మాయికి అనుమతి దొరికింది. వాళ్లమ్మ మాత్రం, ముందు నేనెన్ని నెలలు నిలుస్తానో చూడాలంటున్నది.